పాకగ్రంథకర్తలకు వృత్తియు, ఆపన్నులకు అన్నమును

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యార్థివేతనములను గూర్చియు, వధూవరాన్వేషణమును గూర్చియు, కల్యాణమండపపు పైకప్పును గూర్చియు పెద్దలు ప్రసంగించియున్నారు. మా పాలికి వచ్చిన విషయము వంట. అరువది దాటిన సంస్కృతోపాధ్యాయుడు వేదిక నెక్కి వంటను గూర్చి మాటాడుటయా యని వెనుక వరుసలలో కొందఱు నవ్వుచున్నట్లు తోచుచున్నది. నవ్వుడు. భోజనవేళ సమీపించినది గావున మా విషయమెంత ముఖ్యమో మఱికొంతసేపటికి మీకే తెలియును.

సంఘనిధిపై వచ్చు వడ్డీలో కొంతభాగమును రెండు కార్యములకు వినియోగింపవలెనని కార్యనిర్వాహకవర్గము ముందొక ప్రతిపాదన యున్నది. తుపానులు, వరదలు, అగ్నిప్రమాదములు సంభవించినపుడు తక్షణ సాహాయ్యము చేయుట మొదటిది. మన దేశపు వంటలను, ఆసియాఖండములోని యితర దేశముల వంటలను పరిశోధించి వ్రాయబూనిన క్రొత్త రచయితలకును రచయిత్రులకును ఏటేట వృత్తి నిచ్చుట రెండవది. మొదటిదానికి ఎవరును అడ్డు చెప్పలేదు. రెండవదానిని చూచి ఒక పోషకులు, వారియందు మాకు మిక్కిలి గౌరవము కలదు, "వరదలో కొట్టుకొనిపోవువానికి త్రాడు విసరవలయునుగాని పులుసు పెట్టు విధానము చదివి వినిపింతురా?" యని యడిగిరి. అందఱును నవ్విరి. ఆ ప్రశ్న సరసమైనది, అంతేకాదు, సహేతుకమైనదియు. ఇంటికప్పు ఎగిరిపోయినవాని కిచ్చిన రూపాయిని మరల గ్రంథకర్త కీయజాలము. కావున ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పకయే ఆ పద్దును ఆమోదింపుడని మిమ్ము కోరుట న్యాయము గాదు.

మా యుత్తర మొక్కటే. ఇవి రెండు పద్దులు గావు, ఒక్క పద్దే. ఆపదలో అన్నము పెట్టుటకు ధాన్యము సగము. దానిని ఆ స్థితిలో, ఆ చోట, ఆ జనులకు తగినట్లు వండు తెలివి తక్కిన సగము. ఆ తెలివి ఒకచోట వ్రాసిపెట్టబడియుండుటకును, లేకుండుటకును గల భేదమెంతటిదో చరిత్రలో తార్కాణములు కలవు.

మొదట చీనాదేశపు వృత్తాంతము చెప్పుదుము. మింగు వంశమును స్థాపించిన చక్రవర్తికి జూ సూ అను నతడు ఐదవ కుమారుడు. కైఫెంగు నగరము అతని నివాసస్థానము. హ్వాంగ్‌హో నది పొంగినను చేటు, వాన కురియకున్నను చేటు అనదగిన సీమ యది. ఈ రాజకుమారుడు రాజ్యతంత్రపు చిక్కులలో బడి, పెద్దన్న కుమారుడు చక్రవర్తిగా నున్న దినములలో పదవి గోల్పోయి, దూరమున నున్న యున్నాను సీమకు వెళ్లగొట్టబడెను. మఱియొక యన్న సింహాసన మెక్కిన పిమ్మట తన స్థానమునకు తిరిగివచ్చెను. వచ్చి చేసిన పని విచిత్రమైనది. ఒక తోట వేయించెను. అందు పూలమొక్కలు గావు, పల్లెటూరి జనులు కఱవుకాలమున ఏరుకొని తిను అడవిమొక్కలను నాటించెను. అవి మొలచుట, ఎదుగుట, పూచుట, కాచుట పరిశీలించి, చిత్రకారులచే వాని రూపములు వ్రాయించి, చెక్కపలకలపై చెక్కించి 1406 లో ఒక గ్రంథము ప్రకటించెను. దాని పేరు 'జియూహువాంగ్ బెంజావ్'. కఱవునుండి కాపాడు ఓషధిగ్రంథమని అర్థము చెప్పుకొనవచ్చును. అందు 414 మొక్కలు వర్ణింపబడినవి. వానిలో 276 అంతకుముందటి వైద్యగ్రంథములలో కానరానివి.

పండితులు దీనిని వృక్షశాస్త్రగ్రంథముగా మెచ్చుకొందురు. మా దృష్టికి ఇది వంటపుస్తకము. ప్రతి మొక్క కడను అది యెక్కడ మొలచును, ఆకు ఎట్లుండును, రుచి యెట్టిది అని చెప్పి, పిమ్మట తిను విధానము వ్రాయబడినది. ఆకులు కోసి ఉడికించుట, నీటిలో నానవైచుట, చేదు పోవునట్లు కడుగుట, నూనెయు ఉప్పును చేర్చుట అను వరుస పుటపుటకును మరల మరల వచ్చును. ఆధునిక చదువరికి ఇది విసుగు పుట్టించును. ముప్పదియైదేండ్లు రామశబ్దము చెప్పిన మాకు ఆ పునరుక్తి విలువ తెలియును. ఆకలిగొన్నవాడు పుస్తకమును మొదటినుండి చదువడు. తన చేతిలోనున్న మొక్క యే పుటలో నున్నదో ఆ పుటను మాత్రమే తెఱచును. అతనికి కావలసిన దంతయు ఆ పుటలోనే యుండవలయును. 'ముందు చెప్పినట్లు చేయుడు' అని వ్రాసినచో, ఆ ముందు పుట తెఱచులోపల పిల్లవాడు పచ్చియాకు నమిలివేయును. ఆ గ్రంథము వ్రాసినవాడు భోజనప్రియుడు గాడు, ఆకలి నెఱిగినవాడు.

ఈ గ్రంథము 18వ శతాబ్దిలో జపానునందు పునర్ముద్రణము నొందెను. ఆ దేశముననే యొనెజావా యను సంస్థానము కలదు. 1782 మొదలు కొన్నియేండ్లు జపానును పీడించిన తెన్మె కఱవును ఆ సంస్థానపు ప్రభువు ఉయెసుగి హరునొరి కన్నులార చూచెను. ఆయన ప్రోత్సాహమున 1802 లో 'కతెమొనొ' యను చిన్నపుస్తకము తయారయ్యెను. బియ్యము చాలనపుడు దానితో ఏ యాకులు, ఏ దుంపలు కలిపి వండవచ్చును, ఏది యెంతసేపు నానవలయును, మిసో యను సోయాముద్దను ఎట్లు నిలువచేయవలయును, చేపలను మాంసమును ఎట్లు ఉప్పులో పెట్టవలయును అనునవి యందు కలవు. 1,575 ప్రతులు అచ్చువేయించి గ్రామగ్రామమునకు పంచిరి. గమనింపుడు: అప్పుడు కఱవు లేదు. పంట పండుచున్న దినములలో వ్రాయించి, అచ్చువేయించి, ఇంటింట నుంచిరి. మఱి ముప్పదియేండ్లకు, 1833 మొదలు, తెంపో కఱవు వచ్చెను. అప్పుడు ఆ పుస్తకము ఆ సీమవారికి మిక్కిలి అక్కఱకు వచ్చెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఇట్టి ఖర్చునకు రసీదు ముప్పదియేండ్లకు గాని రాదు. మన లెక్కల తనిఖీదారులకు ఇది నచ్చదని యెఱుగుదుము.

మన దేశమున పాకశాస్త్రమునకు కొఱత యున్నదా? లేదు. నలుని పేర వెలసిన పాకదర్పణము కలదు. కల్యాణి చాళుక్యుడగు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతమున రచించిన మానసోల్లాసమున అన్నభోగమను ప్రకరణమే కలదు. అందు బియ్యపు భేదములు మొదలుకొని పొలపు ఎలుకలను వేడినూనెలో వేసి రోమము తీసి వండు విధానము వఱకు సమస్తమును చెప్పబడినది. శాకాహారులగు సభ్యులు ఆ శ్లోకములను దాటిపోవచ్చును. అచ్చుయంత్రము వచ్చిన పిదప వంగదేశమున 1831 లో పాకరాజేశ్వరమును, 1858 లో బర్దమాను మహారాజు పోషణమున వ్యంజనరత్నాకరమును వెలువడినవి. ఇవన్నియు మెచ్చదగినవే. అయినను వానిలో నున్నది ప్రభువుల వంటయిల్లు. నేయి పుట్లకొలది, కుంకుమపువ్వు తులములకొలది. పండితుడు నేర్పరి కాకపోలేదు. రాజు విందు నడిగెను, పండితుడు విందును వ్రాసెను. కైఫెంగు రాజకుమారుడు ఆకలిని గూర్చి యడిగెను, ఆకలికి తగిన పుస్తకము పుట్టెను. పోషకుడు వేయు ప్రశ్ననుబట్టియే గ్రంథము పుట్టుచున్నదని పోషకుల యెదుటనే చెప్పుచున్నాము.

మన తెలుగునందును వంటపుస్తకములు కలవు. మాలతీ చందూరుగారి 'వంటలు-పిండివంటలు' ఎన్ని ముద్రణములు పొందెనో, ఎందఱు నూతనవధువుల పెట్టెలలో కాపురమునకు వెళ్లెనో మీ యిండ్లలోని స్త్రీలు చెప్పగలరు. అట్టి పుస్తకము తన పనిని చక్కగా నెఱవేర్చుచున్నది. కాని అది పొయ్యి వెలుగుచున్న యింటికి, నలుగురైదుగురికి వ్రాసినది. పొయ్యియే కొట్టుకొనిపోయిన నాడు నాలుగువేలమందికి ఏమి చేయవలయునని దానిని అడుగుట అన్యాయము. ఆ రెండవ పుస్తకము ఇంకను వ్రాయవలసియున్నది.

వ్రాయనిచో నేమగును? 1943 నాటి వంగదేశపు క్షామమును తలచుకొనుడు. చనిపోయినవారు సుమారు 15 లక్షలని 1945 నాటి విచారణసంఘము చెప్పెను; తరువాతి పండితులలో పలువురు 30 లక్షలని లెక్కించిరి. దానికి కారణములు పెక్కు: యుద్ధము, మండిపోయిన ధరలు, పాలకుల యుపేక్ష, 1942 అక్టోబరు తుపాను. వంటపుస్తక మొకటి యుండినచో ఆ క్షామము తప్పెడిదని చెప్పునంతటి యవివేకము మాకు లేదు. మేము చూపదలచినది అందలి యొక చిన్న యంశము. ఎట్టకేలకు గంజికేంద్రములు తెఱచినపుడు, పుట్టుకనుండి వరియన్నమే తిన్నవారి విస్తరులలోనికి జొన్నలు, సజ్జలు కలిసిన గంజి వచ్చెను. వారికి అది తెలియని గింజ. వండువారికిని తెలియదు. ఆకలిచే శుష్కించిన ప్రేగులు దానిని తాళలేకపోయెను. మన రాయలసీమ గృహిణి నడిగినచో సజ్జలను ఎట్లు దంచి, చెఱిగి, విసరి, పిండిని ఎసరులో ఎప్పుడు పోయవలయునో, రోగికి సంకటి గాక పలుచని జావ యెట్లు కాచవలయునో కన్నులు మూసికొని చెప్పును. ధాన్యము రైలెక్కి వచ్చెను. దానిని వండు తెలివి దానితోడ రాలేదు.

ఇందుకు ప్రతిగా మఱియొక వృత్తాంతము అదే వంగభూమి తూర్పుభాగమునుండి చెప్పుదుము. 1970 నవంబరులో భోలా తుపాను ఆ తీరమును ముంచి లక్షలకొలది ప్రాణములు గొనెను. ఆ తుపాను సాహాయ్యమునకు దిగినవారిలో ఫజ్లే హసన్ అబేద్ అను నతడొకడు. స్వాతంత్ర్యయుద్ధానంతరము 1972 లో అతడు బ్రాక్ అను సంస్థను స్థాపించెను. ఆ దేశమున వరదల వెనువెంట అతిసారము వచ్చి, నీరంతయు పోయి, పసిపిల్లలు మరణించుట సామాన్యము. ఉప్పును చక్కెరను నీటిలో సరియైన పాళ్లలో కలిపి త్రాగించినచో ప్రాణము నిలుచునని 1971 లో బనగావ్ శరణార్థిశిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ప్రభృతులు చూపియుండిరి. అయితే పల్లెటూరి గుడిసెలో తూనికరాళ్లెక్కడివి? బ్రాక్ కార్యకర్త్రులు ఆ పాళ్లను వంటయింటి కొలతలలోనికి మార్చిరి. అర్ధసేరు నీరు, మూడువ్రేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము. దీనిని 1980 మొదలు పదియేండ్లు ఇంటింటికి పోయి, ఒక్కొక తల్లిచే చేయించి చూపుచు, సుమారు 1 కోటి 20 లక్షల యిండ్లలో నేర్పిరి.

ఇందులో మాకు మిక్కిలి నచ్చినది వారు జీతము లెక్కగట్టిన పద్ధతి. నేర్పినవారు పోయిన కొంతకాలమునకు వేఱొకరు వచ్చి, ఆ తల్లుల నడిగి, వారు కలిపిన నీటిని పరీక్షచేయించి చూతురు. తల్లికి ఎంత జ్ఞాపకమున్నదో అంతకు తగినట్లే నేర్పినవారికి జీతము. మా ఉపాధ్యాయవర్గమునకు ఈ నిబంధన వర్తింపజేసియుండినచో మాలో పలువురము ఏకాదశీవ్రతము ప్రతిదినమును సలుపవలసివచ్చెడిది. అది యట్లుండనిండు. మూడు వస్తువులు గల ఆ చిన్న పాకవిధానమును కనుగొనుటకును, కొలతలు కుదుర్చుటకును, నేర్పుటకును ఎవరో ధనమిచ్చిరి. అది గ్రంథవృత్తియా? విపత్సాహాయ్యమా? పోషకమహాశయులు తేల్చి చెప్పవలయును.

ఇక మన తీరమునకు వత్తము. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడిన నాటికి మేము విద్యార్థులము. ప్రభుత్వపు లెక్కయే మృతులను పదివేలకు చేరువగా చెప్పెను. నందమూరి తారకరామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు మొదలగు నటులు వీధులలో తిరిగి విరాళములు ప్రోగుచేసిరి. జనులు బియ్యము, బట్టలు లెక్కలేనన్ని యిచ్చిరి. ఆ యౌదార్యమునకు జోహారు. కాని యోచింపుడు. ఉప్పునీరు చొచ్చిన బావి. తడిసిన కట్టె. కొట్టుకొనిపోయిన కుండ. అట్టి చోట బియ్యపు బస్తా రాతిబండతో సమానము. మొదటి మూడు దినములలో నిప్పు కోరని తిండి కావలయును: పేలాలు, మరమరాలు, అటుకులు, వేయించిన శనగలు, బెల్లము. వంగదేశమున నేటికిని వరదలో మొదట పంచునవి అటుకులు, మరమరాలు, బెల్లమే. అందును చిక్కులు కలవు. పండ్లులేని ముదుసలికి శనగలు కొఱగావు. మధుమేహము గలవానికి బెల్లము తగదు. ఆఱునెలల బిడ్డకు ఇవేవియు పనికిరావు. వానికి ఉగ్గు కావలయును, దానికి కాచిన నీరు కావలయును. ఈ క్రమము ఏ యధికారి బల్లపై వ్రాసియున్నది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరు మొదలగు పేటలు దినములతరబడి నీటిలో నుండెను. పడవలపైనను, డ్రోనులపైనను భోజనపు పొట్లములు పంపిరి. ఆకాశమార్గమున అన్నము పోవుట మా బాల్యమున పురాణములలోనే వింటిమి. అయితే యంత్రము పొట్లమును చేర్చునుగాని, పొట్లములోని యన్నము చెడకుండ చూడదు. ఆ నేర్పు వంటవానిది. వేడియన్నమును వెంటనే మూటగట్టినచో లోపల చెమర్చి కొన్నిగంటలకే జిగురు సాగును. వెడల్పాటి గుడ్డపై పఱచి ఆఱనిచ్చి కట్టవలయును. పప్పుగాని, కొబ్బరిగాని కలిసినది త్వరగా చెడును. చింతపండు పులుపు, ఉప్పు, నూనె బాగుగా పట్టిన పులిహోర అంతకంటె ఎక్కువసేపు నిలుచును. యాత్రలకు పోవునపుడు మన పూర్వులు పులిహోరనే యేల మూటగట్టుకొనిరో ఇప్పుడు తెలియుచున్నదిగదా! ఇది యందఱకు తెలిసినదే యందురు. ఇంటిలో నలుగురికి చేయుట తెలియును. నాలుగువేలమందికి చింతపండెంత, అన్నమాఱుటకు స్థలమెంత, ఎంతమంది చేతులు, ఎన్ని గుండిగలు అని యడిగినచో మనలో ఎందఱు చెప్పగలరు?

చెప్పగలవారు ఉండిరి. మన పెండ్లిండ్లలో వేయిమందికి, రెండువేలమందికి వండిన వృద్ధపాచకుడొకడు మా యెఱుకలో నుండెను. కాగితమును ముట్టడు. కొట్టులో బియ్యము చూచి, చేతిలోనికి తీసికొని, పాతదో క్రొత్తదో చెప్పి, ఎసరు ఇంత యనును. ఆ మాట తప్పదు. అతని కుమారులు ఉద్యోగములకు పోయిరి. అతడు గతించెను, ఆ లెక్కయు గతించెను. గోదావరితీరమున లంకలగన్నవరమున 1909 లో పరమపదించిన డొక్కా సీతమ్మగారి యన్నదానమును గూర్చి మనము ఎన్నో కథలు చెప్పుకొందుము. అర్ధరాత్రమున వచ్చినవానికి కూడ ఆ యింట అన్నముండెడిదని పొగడుదుము. నిలువ యెట్లుంచెను, ఎసరెంత పెట్టెను, వరదదినములలో కట్టెలెక్కడినుండి తెచ్చెను అని యడుగువారు అరుదు. దాతృత్వమును స్తుతించుట మనకు వచ్చును. దాని వంటయింటి లెక్క వ్రాయుట మనకు హీనముగా తోచును. సంస్కృతము చదివినవారి దోషము ఇందు కొంత కలదు. మేము విందును గూర్చిన శ్లోకమునకు నాలుగు అలంకారములు చెప్పుదుము, పొయ్యి దగ్గఱకు మాత్రము పోము.

క్రొత్త రచయితలు చేయవలసిన పని యిదియే. గలిజేరు, చెంచలి, పొన్నగంటి, తుమ్మి మొదలగు కూరలను గట్టుపైనుండి కోసి వండు ముదుసలులు ఇంకను కొన్నిగ్రామములలో నున్నారు. వారికడ కూర్చుండి వ్రాసికొనవలయును. సముద్రమునకు ఆవలి వంటలును వలయును. 1941-42 లో యుద్ధము బర్మాపై బడినపుడు రంగూనునుండి లక్షలమంది భారతీయులు అడవులు కొండలు దాటి కాలినడకను వచ్చిరి. వారిలో తెలుగువారు వేలకొలది. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేటపేరు నేటికిని నిలిచియున్నది. ఆ దారిలో నేమి తినిరి? ఏ యాకు, ఏ దుంప, ఎవరు చూపిరి? అప్పుడు పదియేండ్లవారైనవారు నేడు తొంబది దాటియుందురు. ఈ ప్రశ్నకు ఇంకను పదియేండ్లు గడువు లేదు.

ఇట్టి వృత్తి క్రొత్తవింతయేమియు గాదు. చీనాలో పుట్టి, హాంకాంగున పెరిగి, లండనులో స్థిరపడిన యాన్‌కిట్ సో అను విదుషి చరిత్రమున పట్టము పొందినది; 1984 లో చీనావంటలపై ప్రసిద్ధగ్రంథము ప్రకటించినది. 2001 లో ఆమె గతించిన పిదప మిత్రులు విగ్రహము నిలుపలేదు, భవనమునకు పేరు పెట్టలేదు. ఆసియావంటలను గూర్చి వ్రాయ నుద్దేశించిన క్రొత్తవారు ఆయా దేశములకు పోయి పరిశోధించుటకు తోడ్పడునట్లు ఆమె పేర పురస్కారము నెలకొల్పిరి. పేరుమోసిన గ్రంథకర్తకు శాలువ కప్పుట మనకు అలవాటు. ఆయనకు అప్పటికే శాలువలు పెట్టెనిండ నుండును. రైలుఖర్చునకు లేక ఇంట కూర్చున్న అమ్మాయికి బస్సుటిక్కెట్టు కొనియిచ్చుట మేలైన పోషణమని మా యభిప్రాయము.

ఇక నొక సున్నితమైన విషయము. ధనము మన కులస్థులది గనుక ఈ రెండు ఫలములును మన కులస్థులకే చెందవలెనని కొందఱు సభ్యులు చెప్పుచున్నారు. విద్యార్థివేతనముల విషయమున ఆ వాదమును మేము కాదనము. ఇందు మాత్రము అది చెల్లదు. 19వ శతాబ్దపు కఱవులలో ఒకరు వండినది మఱియొకరు ముట్టక, అన్నమెదుట నుండగనే ఆకలితో నుండిపోయిన వృత్తాంతములు నాటి ప్రభుత్వనివేదికలలో చదివితిమి. అవి చదివినపిదప, మన గుండిగ దగ్గఱ నిలుచున్నవానిని నీదే కులమని యడుగుటకు మాకు నోరు రాదు. రచయితల విషయమున ఇంకను స్పష్టమైన కారణము కలదు. అడవిదుంపను నానవైచి, కడిగి, విషము తీసి వండుట గిరిజనస్త్రీలకు తెలియును, మనకు తెలియదు. వానకాలమంతయు నిలుచునట్లు చేపను ఎండబెట్టుట పల్లెకారులకు తెలియును, మనకు తెలియదు. మనవారినే పంపి మన వంటలనే వ్రాయించుకొనినచో మనకిదివఱకే తెలిసిన ఆవకాయను మరల వెలగట్టి కొనుక్కొన్నవారమగుదుము.

ప్రతిపాదనలోని నియమములు క్లుప్తముగా మనవి చేయుదుము. మూలధనము కదలదు. ఈ కార్యములకు కేటాయించు వడ్డీలో మూడుపాళ్లు సాహాయ్యమునకు, ఒకపాలు రచయితల వృత్తికి. ఏ యేడైనను మహోపద్రవము సంభవించినచో ఆ యొకపాలును సాహాయ్యమునకే పోవును. అట్టియేడు వృత్తి పొందవలసిన రచయిత సాహాయ్యపు వంటశాలలోనే పనిచేయుచు, అచ్చట చూచినది కొలతలతో సహా వ్రాయవలయును. వృత్తి ఒక సంవత్సరమునకు, ఇంతవఱకు గ్రంథము ప్రకటింపనివారికి మాత్రమే. ఏ కులమువారైనను, స్త్రీలైనను పురుషులైనను దరఖాస్తు చేయవచ్చును. వ్రాసినదానిలో కనీసము ఇరువది విధానములు అగ్గి లేకయో, ఒకే పొయ్యిపైననో, వందమందికి తక్కువ గాకుండ చేయదగినవై యుండవలయును. వానిని మన కల్యాణమండపపు వంటశాలలో నిజముగా వండి చూపినపిదపనే చివరి వాయిదా చెల్లింపబడును. ఈ చివరి నియమము మా పట్టుదలవలన చేరినది. తినిచూచు బాధ్యత కార్యనిర్వాహకవర్గమువారు సంతోషముతో స్వీకరించిరి.

వృద్ధపాచకులు, పెద్దముత్తైదువలు మీ గ్రామములలో ఎవరైన నున్నచో వారి పేరు, గ్రామము వ్రాసి కార్యదర్శిగారి బల్లపైనున్న పుస్తకమున చేర్చుడు. తీర్మానము రేపటి ఉదయసమావేశమున చర్చకు వచ్చును. త్రాటిని గూర్చి యడిగిన ఆ పోషకమహాశయులే మొదట మాటాడుదురని వింటిమి. వారి మాట వినుటకు మేము ముందువరుసలోనే కూర్చుండియుందుము.